ఆ రోజుకని దాచిన పెట్రోలు

మా వంటింటి కిటికీ గూట్లో ఒక గాజు సీసా ఉంది. సగానికి పైన పసుపుపచ్చగా పెట్రోలు, అడుగున నీళ్లలాంటిది. సీసా మీద పెన్నుతో గీసిన గీత ఒకటి. దాన్ని పారేయమని నా భార్య అడగదు. నేనూ పారేయను.

నాకు ముక్కు మీద కోపం. మా ఊళ్లో పసిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. మాది సముద్రానికీ కాలువకూ నడుమ ఉన్న పల్లె. ఆసుపత్రి అంటే నెల్లూరే. రొయ్యల గుంటల మధ్య గతుకుల రోడ్డు దాటి, మనుబోలు దగ్గర హైవే ఎక్కితేగాని నెల్లూరు రాదు. ఇరవై ఏళ్లు వేట చేసి, మోకాళ్లు పోయాక పడవ అమ్మేసి, ఎవరో వాడి వదిలేసిన పాత పెట్రోలు కారు కొన్నాను. మా వీధిలో మొదటి కారు అదే. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది, దాచడం ఎందుకు?

మా ఒక్కగానొక్క కూతురు తొలి కాన్పుకి ఏడో నెలలో పుట్టింటికొచ్చింది. ఆమె వచ్చిన రోజే బంకుకు పోయి, మూత దాకా పెట్రోలు కొట్టించాను. ఇంటికి తెచ్చి నీలం టార్పాలిన్ పట్ట కప్పి తాళ్లతో కట్టాను. "ఇంక ఈ బండిని ఎవురూ ముట్టుకోబాకండి. బిడ్డ నొప్పులు పడే రోజుకే ఇది" అని ఇల్లంతా వినబడేలా చెప్పాను. మా నాయన పడవ ఇంజన్‌కి అలాగే చేసేవాడు. నిండు డబ్బా ఒకటి పక్కన పెట్టి, చావుబతుకులకు తప్ప దాన్ని కదిలించేవాడు కాదు. అది ఏనాడూ మమ్మల్ని మోసం చేయలేదు.

బ్యాటరీ చూడమని మెకానిక్‌ను పిలిచాను. అతను పెట్రోలు మూత తిప్పి చూసి, పెదవి విరిచాడు. "అన్నా, మూత రబ్బరు పగిలిపోయుండాది. వాన నీళ్లు లోపలికి దిగతాయి" అన్నాడు. దిగితే ఏమవుతుందన్నాను. అతను ఒక సీసాలో రెండు వేళ్ల మందాన నీళ్లు పోసి, పెన్నుతో గీత గీశాడు. పైన మా కారులోని పెట్రోలు పోసి బాగా ఊపి గట్టు మీద పెట్టాడు. కాసేపటికి తేరుకుంది. నీళ్లు గీత దాటి పైకొచ్చి ఉన్నాయి.

"నీళ్లు ఎట్ట పెరిగినాయిరా?"

"పెరగలేదన్నా. ఇప్పుడు పెట్రోల్లో ఆల్కహాలు కలపతా ఉండారు గదా, ఇథనాలంటారు. అది నీళ్లు కనిపిస్తే చాలు, పెట్రోలును వొదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోద్ది. ట్యాంకులో పంపు పీల్చేది అడుగు నుంచే. అప్పుడు బండి నిలబడిపోద్ది. నిలవ పెట్టబాక. వారానికొకసారన్నా నెల్లూరు దాకా తిప్పి, ఉన్నది కాల్చి కొత్తది పోయించు. మూత నేను తెచ్చేస్తా."

నాకు నవ్వొచ్చింది. "మనుషులకు చాలక బండ్లకు కూడా తాగుడు నేర్పినారా? పోరా, నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్లు తిప్పినోణ్ణి నేను. మూత అమ్ముకోడానికి నా దగ్గర కతలు చెప్తావా?" అన్నాను. అతను సీసా అక్కడే వదిలి వెళ్లిపోయాడు. నా భార్య దాన్ని తెచ్చి కిటికీ గూట్లో పెట్టింది. అటు పోతూ ఇటు పోతూ నా చూపు ఆ గీత మీద పడేది. ఎందుకో చిరాగ్గా ఉండేది.

ఒక సాయంత్రం కూతురు నా పక్కన కూర్చుని, "నాయనా, నెల్లూరు కారం దోసె తినాలనుండాది. పోయొద్దామా?" అంది.

"ఆటోలో తెప్పిస్తాలేమ్మా."

"పార్సిల్ మెత్తబడిపోద్ది. పెనం మీద నుంచి దించినట్టే తినాల. మన బండి ఉండాది గదా!"

"అది ఆ రోజుకమ్మా."

తర్వాత రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే జవాబు. "చూలాలు నోరు తెరిచి అడిగితే కాదంటావా? ఏం మనిషివయ్యా!" అని నా భార్య గొడవపడింది. మూడోసారి అడిగాక బిడ్డ మళ్లీ అడగలేదు.

నెలలు నిండే ముందు వానలు పట్టుకున్నాయి. వాయుగుండమని టీవీలో చెబుతున్నారు. అల్లుడు ఫోన్ చేశాడు. "మామా, ముందే నెల్లూరు తెచ్చేయండి. ఆసుపత్రి పక్కనే మా పిన్ని ఇల్లుంది." నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నా ఇంట్లో కారు పెట్టుకొని, పెరవాళ్ల గడపలో నా బిడ్డను పడుకోబెట్టాల్నా? గంటలో తీసుకొస్తా, నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఎవరి మాటా నాకు ఎక్కలేదు.

మూడు రోజులు ఎడతెరిపి లేదు. రెండో రోజు గాలికి పట్ట లేచిపోయి కంచె మీద పడింది. తెచ్చి మళ్లీ కప్పి కట్టాను. అప్పటికి ఎంతసేపటి నుంచి బండి తడుస్తోందో నేను చూసుకోలేదు.

నాలుగో రోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. "చూసినావా? ఎట్ట కూసిందో!" అన్నాను నా భార్యతో. ఆమె బిడ్డను ఒళ్లో ఆనించుకుని వెనక కూర్చుంది. ఊరు దాటాం. అటూ ఇటూ రొయ్యల గుంటలు రోడ్డుతో సమానంగా నిండి ఉన్నాయి. ఎక్కడా మనిషి జాడ లేదు. ఇంకో రెండు మలుపులు తిరిగితే పెద్ద రోడ్డు. అక్కడ బండి ఒకసారి కుదుపిచ్చింది. ఇంకోసారి ఇచ్చింది. ఆగిపోయింది.

తాళం తిప్పాను. మళ్లీ తిప్పాను. ఇంజన్ గిరగిరా తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు. తిప్పీ తిప్పీ చివరికి బ్యాటరీ కూడా చచ్చింది. అప్పుడు వాన చప్పుడు, నా బిడ్డ మూలుగు, అంతే. నాకు ఆ సీసా గుర్తొచ్చింది. దేవుడా, మెకానిక్ నా కళ్ల ముందే గదా చూపించాడు!

అంబులెన్సుకు ఫోన్ చేస్తే వాళ్లుండే వైపు దారికి అడ్డంగా చెట్టు పడింది, తీస్తున్నాం అన్నారు. నేను వానలో దిగి రోడ్డు మీద అటూ ఇటూ పరిగెత్తాను. గంట దాటాక ఐసు దించి వస్తున్న వ్యాను ఒకటి కనిపించింది. వెనక తడి గోనెల మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. దార్లో బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది. "నువ్వు భయపడబాక నాయనా."

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఎంత తట్టినా ఏడవలేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, "చాలా ఆలస్యమైపోయింది" అంది. మా కూతురు బతికింది. ఆ మాట చెప్పుకునే మేం ఊపిరి పీల్చుకుంటున్నాం.

మెకానిక్ వచ్చి ట్యాంకు దించి, ఉన్నదంతా డబ్బాలో పోశాడు. పైన పెట్రోలు, అడుగున జానెడు తెల్లనీళ్లు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను అతని మీద పడి అరిచేవాణ్ణి, కాస్త తేలికయ్యేదేమో. కొత్త మూత బిగించి, డబ్బులు ఇవ్వబోతే వద్దని వెళ్లిపోయాడు.

ఇప్పుడు వారం వారం బండి తీసి నెల్లూరు దాకా పోయొస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకూ తెలుసు. కారం దోసె హోటలు ముందు నుంచే దారి. అక్కడ ఆపను.

కూతురు అత్తగారింటి నుంచి ఫోన్ చేస్తుంది. బాగున్నావా అని అడిగాక, "బండి తిప్పతా ఉండావా నాయనా?" అంటుంది. దెప్పుతోందో, ప్రేమగానే అడుగుతోందో నాకు తెలియదు. తిప్పతా ఉండానమ్మా అంటాను. మొన్న ఫోన్లో మళ్లీ నెల తప్పిందని చెప్పింది. నా భార్య ముఖం వెలిగిపోయింది. తర్వాత కూతురు, "ఈసారి కాన్పు ఈడనే, మా అత్తోళ్ల దగ్గిరే చేయించుకుంటా నాయనా, మీరే రాండి" అంది.

సరేనమ్మా అన్నాను. నాకు కోపం రాలేదు. నాకు కోపం రాకపోవడం చూసి, నా భార్య కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.