రాకెట్ కథ మీద కూడిక పాటలు

అక్కా, నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు సర్దుకుని చదువుకో.

నాకు పెద్ద పుస్తకాలు చదవడం రాదని, మీ మరిది గారు కువైట్‌లో కథలు చదివి క్యాసెట్లలో పంపుతారని చెప్పాను కదా. మంత్రాల కథ నాకంత నచ్చలేదు. రాకుమారుడు ఏడు సముద్రాలూ ఒక్క వాక్యంలో దాటేస్తాడు. రాకెట్ కథే బాగుంది. అందులో వాళ్ళు ఇంటికెప్పుడు చేరతామా అని రోజులు లెక్కపెట్టుకుంటారు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ క్యాసెట్ పెడితే చర్చిలో స్త్రీల కూడికలో పాడిన పాటలొచ్చాయి. అత్తయ్య దాని మీదే రికార్డు చేశారట.

"ఉత్తరమైతే ముట్టుకుంటానా అమ్మాయ్? వాడేదో రాకెట్టని కథ చెబుతున్నాడు, నువ్వు విన్నదే కదా" అన్నారు.

పేజీ తిప్పినప్పుడల్లా ఆయన "వింటున్నావా?" అని అడుగుతారని అత్తయ్యతో ఎలా చెప్పను?

పాటలయ్యాక చివర కొంచెం మిగిలింది. రాకెట్‌లోంచి భూమి కనిపించిందని చదివి, "వింటున్నావా?" అన్నారు. వంటింట్లో ఎవరూ లేరని ఈసారి పైకే "ఆఁ" అన్నాను.

నువ్వే చెప్పు, కథయితే ఉత్తరం కాదా? ఇది చదివి పొయ్యిలో పడేయి. బావ చూస్తే నన్ను ఏడిపిస్తారు.