మా మేనత్త అడ్డుపుల్లల కట్ట

మా మేనత్త పోయింది. మడికొండలో ఆఫీసులో ఉండగా బాపు ఫోను చేశాడు. "అక్క లేదు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగింది, షాపు తాళంచెవులు తీస్కున్నది, చెప్పులేస్కుందామని కుర్చీల కూసున్నది, గంతె..." అని ఆగిపోయాడు. నేను వరంగల్ బస్సు ఎక్కేలోపే రెండో ఫోను వచ్చింది. దూరపు చుట్టం ఒకావిడ. "పాపం, పెండ్లి గాకుండనే పాయె" అంది. ఏడవాల్సినదాన్ని, ఒళ్లు మండిపోయింది. మీరు చదువుతున్నది ఆ 'పాపం' అన్న మాటకు నా జవాబు.

అత్తది వరంగల్ చౌరస్తా దగ్గర శుభలేఖల దుకాణం. తాత పెట్టాడు, తాత తర్వాత ఆమే నడిపింది. మా ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు ఆ దుకాణంలో అచ్చయ్యాయో లెక్కలేదు. ఆమె మాత్రం పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాటిని కాదంది. ఎందుకని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. నేను అడిగితే, "మనసు గాలె. దానికి గూడ ఒక కథ అల్లాల్నా?" అంది. శుభలేఖలు ఎంచుకోవడానికి వచ్చినవాళ్లు "మీ పెండ్లి కార్డు ఎట్లుండె మేడం?" అని ఊరికే నోరు జారేవాళ్లు. "ఆ మోడల్ స్టాకు లేదు" అని తర్వాతి శాంపిల్ తెరిచేది.

పెళ్లి కాకుండా పోయినవాళ్లకు, పాడె ఎక్కించేలోపు జిల్లేడు కొమ్మతో పెళ్లి చేసే ఆచారం మా చుట్టాల్లో కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. అట్లా చేయకపోతే ఆత్మకు దారి దొరకదంటారు. ఒకసారి నర్సంపేటలో బంధువుల ఇంట్లో అటువంటిది చూసి వచ్చి అత్త అన్నం ముట్టలేదు. "బతికున్నన్ని దినాలు వద్దన్నదాన్ని, నోరు లేనప్పుడు ఒప్పిస్తరట. నాకు మాత్రం గట్ల కానియ్యకు బిడ్డా" అంది. కానియ్యనని మాట ఇచ్చాను. బస్సులో నాకున్న దిగులంతా ఆ మాట గురించే. ఆ మాట నిలబెట్టుకునే పద్ధతి కూడా ఆమే నేర్పింది. ఎట్లా నేర్పిందో చెబుతాను.

ఇంటర్ చదివే రోజుల్లో నాకు కార్డుల ఆట పిచ్చి పట్టింది. పేకాట కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఎవరి కట్ట వాళ్లే కార్డులు ఏరుకుని, పేర్చుకుని తెచ్చుకుంటారు. కార్డుల మీద వింత వింత జీవులు, మంత్రాలు ఉంటాయి. ఆ జీవులను బల్ల మీదికి దింపి ఎదుటివాళ్లను కొట్టాలి. ముందు ప్రాణాలు అయిపోయినవాళ్లు ఓడినట్టు. దీనికి పోటీలు కూడా జరుగుతాయి. ఇంట్లో కార్డులు కనబడగానే బాపు పేకాటే అనుకుని ఇల్లు పీకి పందిరేశాడు. అత్త మాత్రం కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, "ఏదీ, నాకు జూపియ్యి" అంది. ఆ ఆదివారం నుంచి నాకు ఎదురుగా కూర్చునేది ఆమే.

అప్పట్లో నా కట్టలో ఒక రెక్కల నాగు ఉండేది. తళతళా మెరిసే కార్డు. అది దిగిందంటే ఆట అయిపోయినట్టే. కానీ దిగేదే కాదు. దాన్ని దింపడానికి సరిపడా బలం కూడబెట్టేలోపు ఎదుటివాళ్లు నా పని ముగించేవాళ్లు. అత్త కొన్నాళ్లు చూసి, "దీన్ని తీసెయ్యి" అంది.

"అత్తా, ఇది నా కట్టల రాజు!"

"రాజు వచ్చేదాక రాజ్యం ఉండాలె గదనే. నీకు గెలవాల్నా, రాజుకోసం తొవ్వ చూస్కుంట కూసోవాల్నా?"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత తీసేశాను.

మరి గెలిచేది దేనితో? ఆ సమాధానం ఆమెకు దుకాణంలోనే దొరికింది. ఒక సాయంత్రం శుభలేఖలకు కవర్లు తొడుగుతూ అంది. "పెండ్లి ఆగాల్నంటె పులి రావాల్నా? ఇన్నేండ్ల సంది చూస్తాన. బ్యాండోళ్లు వస్తరు, వంటోళ్లు వస్తరు, మంత్రి గూడ వస్తడు. ఒక్క బామ్మర్ది అలిగి మూలకు కూసున్నడనుకో, అందరు ఆగుతరు. మనకు గసొంటి జీవాలు గావాలె."

మా కట్ట అక్కడ పుట్టింది. పోటీల్లో ఎవరూ ముట్టని చిన్న చిన్న జీవులను వెతికి పట్టుకొచ్చాం. ఒకటి దిగగానే ఎదుటివాళ్లు తమ చేతిలోని కార్డులన్నీ తెరిచి చూపించాలి, అందులో ఒకదాన్ని మనం పక్కన పెట్టించవచ్చు. రెండు వైపుల గుట్టూ తెలిసినవాడు కనుక దానికి అత్త పెట్టిన పేరు పేరయ్య. ఇంకొకటి బల్ల మీద ఉన్నంతసేపూ ఎదుటివాళ్లు ఒక విడతలో ఒక్క మంత్రమే వాడగలరు. అది అయ్యగారు. మూడోది దిగుతూనే ఎదుటివాళ్ల పెద్ద జీవిని లేపి తిరిగి వాళ్ల చేతిలోకి పంపేస్తుంది. వాళ్లు మళ్లీ మొదటి నుంచి బలం కూడబెట్టుకోవాలి. అదే బామ్మర్ది. మొత్తానికి పెట్టిన పేరు అడ్డుపుల్లల కట్ట. "ఒక్కొక్కటి చెంపదెబ్బకు సచ్చేటిదే. అన్ని కలిసి కూసుంటె లేపుడు ఎవనితోటి గాదు" అని అత్త మురిసిపోయేది.

పరీక్షించనిదే ఏ కార్డునూ కొననిచ్చేది కాదు. అచ్చుతప్పులు పడిన శుభలేఖలు, సంబంధం తప్పిపోయి ఎవరూ తీసుకుపోని శుభలేఖలు దుకాణంలో మూటలు మూటలు ఉండేవి. వాటిని కటింగ్ మిషన్ మీద కార్డు సైజుకు కోసేది. వెనక బంగారు రంగు వినాయకుడు, ముందు అత్త చేతిరాతలో జీవి పేరు, అది చేసే పని. వాటితోనే వారాల తరబడి ఆడేవాళ్లం. పనికిరానిది తేలగానే నిర్దయగా చించేసేది. నాకు నచ్చిన నిప్పుల ఎలుక ఒకటి ఉండేది. దానికోసం ఎంత వాదించానో! అది బాగా కొట్టేది, కానీ పక్కవాటికి అక్కరకొచ్చేది కాదు. "మంచిగుండుడు వేరు, ఇంట్ల ఇముడుడు వేరు. దీనికి దాని గొప్పే గావాలె" అని దాన్ని కూడా చించింది. ఆ ఎలుక పోయాకే మా కట్ట కుదురుకుంది, ఒప్పుకోక తప్పదు.

హన్మకొండలో జరిగిన పోటీలో ఆమే ఆడింది. నేను వెనక నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా కాలేజీ పిల్లలు, ఐటీ కుర్రాళ్లు. నేత చీర, చేతిసంచి, గొలుసు వేలాడే కళ్లద్దాలతో ఈమె కూర్చోగానే ఎదుటి అబ్బాయి, "ఆంటీ, మీ బాబు వస్తాండా?" అని అడిగాడు.

"నాకు బాబు లేడు. నువ్వు కార్డులు కలుపు" అంది.

ఆట మంచి పట్టు మీద ఉండగా అత్త ఒక తప్పు చేసింది. అన్నాళ్లు శుభలేఖ ముక్కలతో ఆడిన అలవాటులో, కార్డు బల్ల మీద పెడుతూ "బామ్మర్దిని దింపుతాన" అంది. అటువంటి కార్డే లేదని ఆ అబ్బాయి చెయ్యి ఎత్తి జడ్జిని పిలిచాడు. జడ్జి కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "కార్డు కరెక్టే మేడం, జర దీని అసలు పేరు చెప్పుండ్రి" అన్నాడు. అత్త కళ్లద్దాలు సర్దుకుని, ఆ బారెడు ఇంగ్లీషు పేరును తాపీగా చదివి వినిపించి, "గట్ల పిలిస్తె ఇది పలుకది సార్. మా ఇంట్ల దీని పేరు బామ్మర్ది" అంది. గది గదంతా నవ్వింది. ఆ అబ్బాయి నవ్వలేదు. అతని కొండంత జీవి అప్పటికే అతని చేతిలోకి వచ్చి కూర్చుంది మరి.

ఓడిపోయి లేస్తూ, "ఇదేం ఆట ఆంటీ, నన్ను అసలు ఆడనియ్యనే లేదు" అని మొహం ముడుచుకున్నాడు.

"ఆడనియ్యకపోవుడు గూడ ఆటనే బాబూ. ఇండ్లల్ల మాకు నేర్పింది గదే" అంది అత్త.

ఆ రోజు తర్వాతి ఆటల్లో ఒకదాంట్లో ఓడింది. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆ ఓటమిని విప్పి విప్పి చెప్పి, ఏ కార్డు తీయాలో తేల్చుకుని గానీ ఊరుకోలేదు. పిల్లలు లేని లోటు ఇట్లా తీర్చుకుంటోందని చుట్టాలు చెవులు కొరుక్కునేవాళ్లు. లోటా? నాకు తెలిసిన మనుషుల్లో ఇంత నిండుగా బతికినవాళ్లు ఇంకొకరు లేరు. ఆమె అంటే నాకు ప్రేమ, ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను.

ఇక అత్త పోయిన రోజు సంగతి. నేను చేరేసరికి వాకిట్లో జనం. గేటు దగ్గర నీళ్ల బకెట్టులో జిల్లేడు కొమ్మ అప్పటికే నిలబెట్టి ఉంది. వరుసకు పెద్దనాయిన ఒకాయన, ఇంటికి పెద్ద దిక్కు, నన్ను చూసి, "ఏడువకు బిడ్డా. జర గా పెండ్లి తంతు కానిచ్చి లేపుతం. అయిదు నిమిషాల పని" అన్నాడు.

అరవాలనిపించింది. అరిస్తే నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపేసేవాళ్లు. రెక్కల నాగును నమ్ముకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు వాళ్ల చేతిలో ఏముందో చూడాలి.

"సరే పెద్దనాయినా. ఏమేం చేస్తరో ముందుగాల చెప్పుండ్రి" అన్నాను.

చెప్పాడు. అయ్యగారు మంత్రం చదువుతాడు. అత్తకు తమ్ముడు కనుక మా బాపు ఆ కొమ్మను పట్టుకుని పక్కన నిలబడాలి. కొమ్మకు తాకించిన పసుపుతాడు అత్త మెడలో వేస్తారు. అంతే.

నేను అయ్యగారి వైపు తిరిగాను. "అయ్యగారూ, పెండ్లి అంటే ఇద్దరి గోత్రాలు చదువాలె గదా. జిల్లేడుది ఏ గోత్రం?"

చిన్న వయసాయన. తడబడ్డాడు. "జర ఆగుండ్రి" అని గురువుగారికి ఫోను కలిపాడు. గురువుగారు ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. ఎండ ముదురుతోంది, జనంలో గొణుగుడు మొదలైంది. "గోత్రం ఉన్నోళ్లు వస్తెనే మా అత్త ఒప్పుకోలే, లేనోన్ని ఎట్ల ఒప్పుకుంటది?" అన్నాను. వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

పెద్దనాయినకు ఓపిక నశించింది. "గోత్రం లేకున్నా నడుస్తది. ఏమ్రా, పోయి గా కొమ్మ పట్కరాపో" అని బాపు మీద కేకేశాడు. నా చేతిలో ఇంక ఏమీ లేదు. బాపు పెద్దల మాట దాటిన మనిషి కాడు. ఆయన్ని నేను ఏదీ అడగలేదు, అడిగే ధైర్యమూ లేదు.

బాపు గేటు వైపు చూశాడు. అక్క మొహం వైపు చూశాడు. మెల్లగా వెళ్లి ఆమె తల పక్కన, కింద చతికిలబడి చేతులు కట్టుకున్నాడు.

"నేను లేవ" అన్నాడు.

"ఏందిరా?"

"నాకు ఈ సంబంధం ఇష్టం లేదు. అక్కకు గూడ లేదు."

పెద్దనాయిన తిట్టాడు. బతిమాలాడు. అక్క ఆత్మకు దారి దొరకదని బెదిరించాడు. "మా అక్కకు తొవ్వ ఎవరు చూపియ్యాలె? చిన్నప్పుడు నన్ను బడికి తోలుకపోయింది గామెనే" అన్నాడు బాపు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు విప్పలేదు. తమ్ముడు కదలనిదే తంతు ముందుకు సాగదు. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. కాసేపటికి అమ్మ వచ్చి ఇటు పక్క కూర్చుంది. అయ్యగారు ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

"రాహుకాలం వస్తాంది. కానీయుండ్రి, ఇగ లేపుండ్రి" అన్నాడు చివరికి పెద్దనాయిన, ఎవరి మొహమూ చూడకుండా.

అత్త ఏ తాడూ పడని మెడతోనే వెళ్లింది. శ్మశానానికి ఆడవాళ్లు రాకూడదన్నారు, నేనూ అమ్మా వెళ్లాం. ఆ కట్ట ఇప్పుడు నా దగ్గర ఉంది. ఈ మధ్య మెరిసే కార్డులు చాలా వచ్చాయి, ఇందులో సగం మార్చాలని తోటి ఆటగాళ్లు చెబుతున్నారు. మార్చవలసినవి ఆమె పద్ధతిలోనే పరీక్షించి మారుస్తాను. కానీ ఎవరి ముందు కూర్చున్నా బామ్మర్దిని బామ్మర్ది అనే పిలుస్తాను, జడ్జిని పిలుచుకుంటే పిలుచుకోనివ్వండి.

ఆ రోజు మేం శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికి వాకిలి ఖాళీ అయింది. గేటు దగ్గర బకెట్టులో జిల్లేడు కొమ్మ అట్లాగే ఉంది, నీళ్లలో ఉండడం వల్ల పూలు ఇంకా వాడలేదు. బాపు కాళ్లు కడుక్కుని దాని పక్క నుంచే ఇంట్లోకి నడిచాడు. ఆయన వెనక అమ్మ, అమ్మ వెనక నేను. పెళ్లికొడుకు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరం అనలేదు.