పసుపునీళ్లు తగలని గిటార్

దసరా ముందురోజు అన్న భూపాలపల్లి నుంచి జనగామకు బస్సులో వచ్చాడు. భుజాన బాపు గిటార్, అంటే మా నాన్నది. నేను సంచిలోంచి తీసి ఒకసారి మీటగానే అనుమానం వచ్చింది. శ్రుతి సరిగ్గా ఉంది.

"శ్రుతి మంచిగున్నదే!" అన్నాను.

"ఏం మార్పియ్యలే తమ్మీ, గట్లనే ఉన్నది," అన్నాడు, నేనేమీ అడగకముందే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

బాపు గిటార్ ఏనాడూ శ్రుతిలో నిలబడలేదు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో దాన్ని వాయిస్తూ ఆయన నర్మెట్ట, రఘునాథపల్లి, అటు మహబూబాబాద్ వైపు గార్ల దాకా బరాత్‌లకు తిరిగాడు. పాటకూ పాటకూ మధ్య తిట్టుకుంటూ తీగల బిరడాలు తిప్పేవాడు. ఎర్ర రంగు కరెంటు గిటార్. ఎక్కడో విదేశంలో, మంచిది కొనలేనివాళ్ల కోసం చేసిన చవకరకం. గట్టి చెక్క కూడా కాదు, చెక్కపొట్టును అదిమి చేసిన అట్ట. చేతులు మారి మారి బాపు దగ్గరకు చేరింది. ఆయన పోయాక అన్న తీసుకెళ్లి, తను పనిచేసే బొగ్గుబాయి వాళ్లిచ్చిన క్వార్టర్లో పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా తేలేదు. ఈసారి మాత్రం పూజలో అది ఉండాల్సిందేనని అవ్వ పట్టుబట్టింది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం.

పాలవాడు చిక్కటి పాలు పోస్తే ఇవాళ ఎందుకు పోశాడా అని ఆలోచించే రకం నేను. పైగా నేనూ గిటార్ వాయించేవాణ్నే, అమ్మకానికొచ్చేవన్నీ ఫోన్లో చూస్తుంటాను. ఆ పాత చవక గిటార్లనే ఇప్పుడు మళ్లీ తయారుచేస్తున్నారు. అదే ఎరుపు, అదే ఆకారం. తీగల కింద ఉండే తెల్ల ప్లాస్టిక్ పలకను కూడా ఏళ్లు గడిచి పాతబడినట్టు పచ్చగా పోతపోస్తున్నారు. అప్పట్లో అందరూ తిట్టిన సరుకు మీద ఇప్పుడింత ప్రేమ ఎందుకో? లేని ముసలితనం తెచ్చిపెట్టుకున్న వస్తువును నేను నమ్మను.

అన్న స్నానానికి పోగానే స్క్రూడ్రైవర్ తీశాను. దసరా పూజకు అవ్వ ఇంట్లో పనిముట్లన్నిటినీ పసుపునీళ్లతో తుడిచి తడికుంకుమ బొట్టు పెడుతుంది. కొడవలి, కుట్టుమిషను, బండి, వాటితో పాటు గిటారూ. ఆ నీళ్లు పలక కిందికి దిగి అట్ట మీద ఎర్రటి మరకలు కట్టేవి. బాపు పలక విప్పినప్పుడల్లా చూసేవాణ్ని. ఇప్పుడు విప్పితే లోపలంతా శుభ్రంగా ఉంది. ఎండ తగలని అడుగున కూడా పలక పచ్చగానే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. బాపు గిటార్ అమ్ముకుని, నకలు తెచ్చి అవ్వ కళ్లకు గంతలు కట్టడానికి వచ్చాడన్నమాట! తల తుడుచుకుంటూ వచ్చిన అన్న, విప్పిన పలకను చూసి తలుపు దగ్గరకు వేశాడు.

"అమ్ముకున్నవా అన్నా?"

"ఏంది తమ్మీ గా మాట?"

"మరి గిదేంది? బాపుది ఏడున్నది?"

అన్న మంచం మీద కూలబడ్డాడు. "కరాబైందిరా. పలక కింద అట్టంత నీళ్లు తాగి తాగి ఉబ్బింది. పోయిన యేడు తీగలు బిగిస్తుంటే మెడ ఊడొచ్చింది. పొట్టు పొట్టు రాలింది. బాగుచేసెటోళ్లు కూడ చేతులెత్తేసిన్రు." గొంతు తగ్గించాడు. "గా నీళ్లు ఎవరు పెట్టిన్రో నీకెర్కనే గద. నీ పూజనే దాన్ని తిన్నదని అవ్వకు ఎట్ల చెప్పమంటవ్?"

జేబులోంచి పాత బిరడా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. తుప్పు పట్టింది, సందుల్లో ఎండిన కుంకుమ. అమ్మేముందు కూడా ఒకటి పీకి దాచుకోవచ్చు కదా అని అప్పుడూ అనిపించింది, అదీ నా బుద్ధి. కానీ అన్న కళ్లల్లో నీళ్లున్నాయి. ఇద్దరం కలిసి పలక మళ్లీ బిగించాం. అవ్వకు తెలియకూడదని అనుకున్నాం.

మర్నాడు పూజలో అవ్వ కొడవలి తుడిచింది, కుట్టుమిషను తుడిచింది. గిటార్ ఒళ్లో పెట్టుకుంది. చూపు ఆనక, ఏదైనా తడిమి చూస్తుంది. ఆమె బొటనవేలు నేరుగా పలక కింది అంచుకు పోయింది. బాపు గిటార్‌కు అక్కడ బొప్పిలాంటి ఉబ్బు ఉండేది. ఎండకు వచ్చిందేమో అనుకునేవాళ్లం. అవ్వ దాని మాట ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు వేలు అక్కడే అటూ ఇటూ తిరిగింది. చదునుగా ఉంది. అన్న నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు.

అవ్వ పసుపునీళ్ల గిన్నెను దూరంగా జరిపింది. తడి చేతిని కొంగుకు తుడుచుకుంది, ఆరిందో లేదో చూసుకుని మళ్లీ తుడుచుకుంది. పొడి కుంకుమ చిటికెడు తీసి గిటార్‌కు కాక, పక్కనున్న దాని సంచికి బొట్టు పెట్టింది.

"దీనికి తడి తగలనియ్యకు బిడ్డా," అంది అన్నతో, తలెత్తకుండా. "గిదన్న ఉండనీ."