కీళ్ల డాక్టరు దగ్గరికి నేను పంపిన ఆమె

మెట్టుగూడలో నేను చిన్న క్లినిక్ నడుపుతున్న రోజుల్లో, పక్కవీధిలో బ్లౌజులు కుట్టే ఒకామె భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుని కూర్చుంది.

"పొద్దుగాల లేస్తే పిడికిలి ముడవనీకి వస్తలేదు డాక్టరమ్మా. కత్తెర పట్టలేకపోతున్న," అంది.

వేళ్ల మొదళ్లు ఉబ్బి వేడిగా ఉన్నాయి. మెల్లగా నొక్కితేనే చేయి లాక్కుంది. రక్తపరీక్షలు చేయిస్తే నేను అనుమానించినట్టే రుమటాయిడ్ కీళ్లవాతం. కీళ్లజబ్బులు మాత్రమే చూసే క్లినిక్ ఒక పెద్దాసుపత్రిలో ఉండేది. అక్కడికి చీటీ రాసిచ్చాను.

"ముసలోళ్ల బీమారి ఈమెకెందుకొస్తది?" అన్నాడు భర్త.

దీనికి వయసుతో పనిలేదని, ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి కీళ్లను తినేస్తుందని, ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయని చెప్పాను. భయపడి ఆ వారమే తీసుకెళ్లాడు.

అక్కడ ఇచ్చిన మందు నెమ్మదిగా పనిచేసింది. మళ్లీ మిషన్ తొక్కుతోందని విని సంతోషించాను. ఆ తర్వాత ఆమె కనిపించలేదు. మల్కాజ్‌గిరిలో పుట్టింట్లో ఉందని భర్త ఒకసారి రోడ్డుమీద చెప్పాడు.

రెండేళ్లు దాటాక వచ్చింది. నెలల పాపను మోచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది. వేళ్లన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయాయి.

"మందు ఆపేశావా?"

తల వంచుకుంది. "అది వాడినన్ని దినాలు కడుపు రావొద్దన్నరు. పెండ్లయి ఇన్నేండ్లాయె, పిల్లల్లేరు. ఎవ్వరికి చెప్పకుండ బంద్ చేసిన. నొప్పులొస్తే ఓర్చుకున్న. కడుపైనంక అవి సుత పోయినయ్. బీమారి తగ్గిందనుకున్న. కాన్పయినంక మల్ల షురూ అయింది."

అదే క్లినిక్‌కి మళ్లీ పంపాను. తిరిగొచ్చి నా గుమ్మం దగ్గరే ఏడ్చేసింది.

"పిల్లలు కావాలంటే వేరే మందు ఇస్తుంటిమి గద, ఎందుకడగలేదమ్మా అన్నడు పెద్ద డాక్టరు."

"నువ్వేమన్నావు?"

"మందు రాసిన నాడు నా ఎనక అంతమంది నిలబడి ఉండ్రి డాక్టరమ్మా. ఎట్ల అడగాలె?"

భర్త గోడకానుకుని నిలబడ్డాడు. "నాకన్న చెప్పకపోతివి," అన్నాడు. గొంతులో కోపం లేదు.

జబ్బు ముదిరిందని మళ్లీ ఆ పాత మందే రాశారు; అది మొదలుపెట్టాలంటే పాపకు పాలు మాన్పించాలి. పాప ఏడిస్తే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. పాలసీసా పట్టుకోవడానికి వేళ్లు సహకరించేవి కావు. భర్త తాగిస్తుంటే పక్కన కూర్చుని చూసేది.

జబ్బు ముదరడం ఆగింది. వంగిన వేళ్లు మాత్రం వంగినట్టే ఉండిపోయాయి. మిషన్ ఎవరికో ఇచ్చేశారు.

నేను క్లినిక్‌ని నేరేడ్‌మెట్‌కి మార్చే నాటికి పాపకు నడక వచ్చింది. వేళ్లు పట్టుకుంటే అమ్మ అరుస్తుందని ఆ పసిదానికి ఎలా తెలిసిందో, రోడ్డు మీద అమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచేది.