వంగాల్సింది పిడి

మనిషి ఎదురుపడితే ఎవరైనా ముఖం చూస్తారు. పిడి బావ చెయ్యి చూస్తాడు. జాతకం చెప్పడానికి కాదు. అరచెయ్యి ఎంత వెడల్పు, బొటనవేలు ఎంతదూరం చాపగలదు, చూపుడువేలి పక్కన కాయ కాసిందా లేదా, అంతవరకే ఆయనకు కావాలి. ముఖాలు గుర్తుండవు. “నిన్న మనింటికి వచ్చిన ఆ గళ్ళచొక్కా ఆయన ఎవరండీ?” అని భార్య అడిగితే, “చొక్కా చూళ్ళేదు. చిటికెనవేలు వంకర, అతనేనా?” అంటాడు.

చెయ్యి చూశాక ఆ చేతిలో ఉన్న వస్తువు చూస్తాడు. ఆ రెంటికీ పొత్తు కుదరలేదనిపిస్తే ఆ వస్తువుకు మూడినట్టే.

ఆయన టేబుల్ ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో టూల్ రూమ్ మేస్త్రీ. నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్క మనిషికే, భార్య చెల్లెలికి. ఆ మరదలు అదే కంపెనీలో, ఫ్యాన్లు బిగించే లైన్లో పనిచేస్తుంది. ఆమె “బావా” అని పిలవడం విని లైన్లో ఆడవాళ్ళంతా బావా అనడం మొదలుపెట్టారు. ముందు ‘పిడి’ తగిలించింది కూడా వాళ్ళే. ఇది మరదలి అక్కకు బొత్తిగా నచ్చలేదు. “మా అమ్మ కన్నది నా తరవాత ఒక్కదాన్నే. మీకేమో షెడ్డు నిండా మరదళ్ళు!” అనేది.

ఆ ఇంట్లో తిన్నగా ఉన్న వస్తువు కనపడదు. గరిటె కాడ మెడ తిప్పి చూస్తున్నట్టుంటుంది. గొడుగు పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది. వీధి తలుపు గడియకు ఆయన పెట్టిన పిడి అలవాటైనవాళ్ళకు మోచేత్తో తెరుచుకుంటుంది, అలవాటు లేనివాళ్ళకు ఎంతకీ తెరుచుకోదు. ఎవరు ఏమన్నా ఆయన సమాధానం ఒక్కటే.

“వంగాల్సింది పిడి. మణికట్టు కాదు.”

“ఈ కొంపలో వంకర లేనిది నేనొక్కదాన్నే” అని అక్క మొత్తుకుంటే, “నిన్ను ఎక్కడ పట్టుకోవాలో ఇంకా తేలలేదు” అనేవాడు, ఆకురాయితో దేన్నో అరగదీస్తూ.

ఒకసారి పక్కింటి పెద్దాయన తండ్రి పోతే పలకరించడానికి వెళ్ళాడు. పెద్దాయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. అప్పుడు బావ మెల్లగా అడిగాడు. “మీది చాలా వెడల్పు చెయ్యండీ. ఇంట్లో సుత్తి ఏ సైజు వాడుతున్నారు?”

మంగలి కథ ఇంకా ఘోరం. జుట్టు కత్తిరించుకుంటూ మధ్యలో మంగలి బొటనవేలు చూశాడు. వేలు దూర్చే కత్తెర చెవి ఒరుసుకుని అక్కడ చర్మం మొద్దుబారి ఉంది. “ఇలా ఇయ్యి, పొద్దున్నే తెచ్చిస్తా” అని కత్తెర పట్టుకుపోయాడు. పొద్దున తేలేదు. ఆ మర్నాడూ తేలేదు. చివరికి మంగలే వెతుక్కుంటూ కంపెనీ గేటు దాకా వచ్చాడు.

“అయ్యా, మీ తల సగం నా దగ్గరుంది. నా కత్తెర మొత్తం మీ దగ్గరుంది. ఇదేం బేరం?”

“చెవి ఇంకా నున్నగా రాలేదయ్యా.”

“అదొచ్చేలోగా మీకు రెండోవైపు జడ వస్తుంది!”

ఇటువంటి మనిషి కంటికి తన చెయ్యి కనపడకుండా దాచుకోవాల్సిన అవసరం మరదలికి వచ్చింది.

లైన్లో ఆమెది మొదటి సీటు. స్విచ్చి పెట్టెలోకి వచ్చే వైర్ల కొసలు ప్లేరుతో మెలితిప్పి, మిగిలింది తుంచి, పక్క సీటుకు తోయాలి. ఆమె చెయ్యి ఎంత చురుగ్గా ఆడితే లైను అంత చురుగ్గా నడుస్తుంది. చివరి సీటు నుంచి ఒక్కొక్కటే జరుగుతూ, ఏళ్ళు పట్టి సంపాదించుకున్న కుర్చీ అది. ఇప్పుడు ఆ చేతికే తిమ్మిరి మొదలైంది. ముందు బొటనవేలు, తరవాత దాని పక్కవేళ్ళు. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే వేళ్ళు తనవి కానట్టుండేవి. చేతిలోంచి గ్లాసు ఎప్పుడు జారిందో కిందపడి చప్పుడయ్యేదాకా తెలిసేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే తేలిక పని ఇమ్మంటాడు. తేలిక పని అంటే ఆవరణ చివర ప్యాకింగ్ షెడ్డు. అక్కడ అట్టపెట్టెలు తప్ప పలకరించేవాళ్ళుండరు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి లైన్లోకి రాలేదు. అందుకని ఆమె నోరు మెదపలేదు. బావ కనపడితే చేతులు కొంగు కింద దాచుకునేది. అక్కింటికి వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక గిన్నె పట్టుకుని నిలబడేది.

“ఏదీ మరదలా, చెయ్యి చూపించు.”

“అక్కా! మీ ఆయన నా చెయ్యి అడుగుతున్నాడే!”

“ఇయ్యవే, ఇయ్యి” అనేది అక్క వంటింట్లోంచి. “పిడి బిగించి పంపిస్తాడు.”

ఇలా ఉండగా లైన్లో ప్లేర్లు మాయం కావడం మొదలైంది. సాయంత్రం సొరుగులో పెట్టిన ప్లేరు పొద్దున ఉండేది కాదు. టూల్ రూమ్ నుంచి తిరిగొచ్చేసరికి దాని రూపం మారిపోయేది. కాడలు పొడుగై, మూతి పక్కకు వంగి, రెండు కాడల మధ్యా ఒక స్ప్రింగు. ఒకరిది కాదు, లైనంతటిదీ అదే వరస.

షెడ్డు గొల్లుమంది.

“ఇది ప్లేరా, కొంగా?”

“బావకి ఇంట్లో వంచేవి అయిపోయినట్టున్నాయి. మన మీద పడ్డాడు.”

“ఇవాళ ప్లేరు. రేపు కుర్చీ. ఎల్లుండి మనమే!”

మరదలు ఆ కొంగను చేతిలోకి తీసుకుంది. మణికట్టు ఇదివరకులా మెలిపడలేదు, తిన్నగా నిలిచింది. అరచేతి నడుమ రోజూ పొడిచే కాడ కొస ఇప్పుడు అరచెయ్యి దాటి అవతలికి పోయింది. నొక్కి వదిలితే స్ప్రింగే కాడలు తెరుస్తోంది, వేళ్ళకు ఆ శ్రమ లేదు. మధ్యాహ్నానికి ఆమె ప్రాణం లేచొచ్చింది.

వెంటనే భయమూ వేసింది. హాయిగా ఉందని ఒక్క మాటన్నా, ‘ఇదివరకు హాయిగా లేదా?’ అని అడుగుతారు. అందుకని అందరికంటే పెద్ద గొంతుతో తిట్టడం మొదలుపెట్టింది.

“ఈ దిక్కుమాలిన వంకర ముక్కుతో పనెలా చేస్తారమ్మా! మా బావకి మతి పోయింది! మా అక్క ఎలా వేగుతోందో!”

తిడుతూనే మునుపటికంటే చురుగ్గా వైర్లు మెలితిప్పేది. ఆ వింత ఎవరూ గమనించలేదు. గొంతు మాత్రం మేనేజరు గది దాకా వినిపించింది.

మేనేజరు కొత్తగా వచ్చింది. నెమ్మదస్తురాలు, ఏ పనీ పద్ధతి తప్పనివ్వదు. ఎవరినీ అడక్కుండా కంపెనీ టూల్సు మార్చడం ఆమెకు సబబుగా తోచలేదు. మర్నాడు లైన్లోనే విచారణ అంది. తప్పు తేలితే ప్లేర్లన్నీ తిన్నగా చేయిస్తారట, బావను టూల్ రూమ్ నుంచి తీసి స్టోర్సులో కూర్చోబెడతారట. ఈ వార్త మరదలికి అక్క నోట తెలిసింది.

“స్టోర్సులో పట్టుకుందామన్నా పిడి ఉన్న వస్తువు లేదటే. ఆ మనిషి ఏమైపోతాడు? పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు. ఎవర్తో నోటిదురుసుది లైన్లో కూర్చుని ఒకటే తిట్టిపోసిందట. దాని నోరు పడిపోనూ!”

“పడిపోతుందిలే అక్కా” అంది చెల్లెలు, మెల్లగా.

పొద్దున్నే లైను ఆపారు. మేనేజరు వంకర ప్లేరొకటి బల్ల మీద పెట్టింది.

“ఇలా మార్చమని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదమ్మా.”

“మరెందుకు మార్చారు?”

“అలవాటు. చేతులు ఊరుకోవు.”

లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఇంకే కారణమూ లేదా?”

“లేదు” అన్నాడు బావ, నేల చూస్తూ.

మరదలికి ఆ మాట దగ్గరే అనుమానం తగిలింది. గరిటె కాడ గురించి అడిగితే అన్నం చల్లారిపోయేదాకా చెప్పే మనిషి. తన ఉద్యోగం మీదికి వస్తే ‘లేదు’ అని ఊరుకున్నాడు. మణికట్టు మాటే ఎత్తలేదు.

“సరే. దీంతో ఇబ్బందిగా ఉందని ఎవరన్నారు?”

లైనంతా ఒక్కసారి మొదటి సీటు వైపు తిరిగింది.

అవునంటే బావ స్టోర్సుకు పోతాడు. కాదంటే తన గుట్టు బయటపడుతుంది. ప్యాకింగ్ షెడ్డు, దాని నిశ్శబ్దం ఆమె కళ్ళముందు మెదిలాయి. మరదలు కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“నేనే అన్నానమ్మా. ఉత్తినే తిట్టాను. ప్లేరు బాగానే ఉంది. బాగాలేనిది నా చెయ్యి. తిమ్మిరి. అది తెలిసి మా బావ నా కోసమే చేసుంటాడు.”

రెండో సీటు ఆవిడ విస్తుపోయి చూసింది.

“నీ కోసమా? నా కోసం కదే! నాకు మణికట్టు దగ్గర ఒకటే పోటు!”

“మీ ఇద్దరి మొహం!” అంది ఆ పక్కావిడ. “బొటనవేలు వాచి చస్తున్నది నేను. నా ఒక్కదానికే చేస్తే తెలిసిపోతుందని, మీ అందరివీ వంచాడు.”

“అదేంటి, నేనూ అదే అనుకున్నా!” అని చివరి సీటు నుంచి ఇంకో గొంతు.

“మరి ఆవేళ కొంగ అన్నావుగా?”

“నువ్వు మాత్రం తిట్టలేదూ!”

బావ రెండు చేతులూ పైకెత్తాడు.

“కూర్చోండమ్మా, కూర్చోండి! ఎవరడిగారు మిమ్మల్ని? మీ అందరి గుట్టూ కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ నేను ఉబ్బిపోతుంటే, ఒక్క క్షణంలో కక్కేశారే!”

“అంటే మీకు ముందే తెలుసా?” అంది మేనేజరు.

“తెలీకేమమ్మా. మరదలు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. ఈవిడ జడ మానేసి ముడి వేసుకొస్తోంది. ఆవిడ టిఫిను డబ్బా మూత తియ్యాల్సొస్తే పక్కవాళ్ళకిస్తోంది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“ప్యాకింగ్‌కి పంపేస్తారని వీళ్ళ భయం. వాళ్ళు దాచుకున్నది నేనెలా చెప్పను? ఒక్కదాని ప్లేరు వంచితే అందరూ దాని చెయ్యి వంక చూస్తారు. అన్నీ వంచితే నన్ను చూసి నవ్వుతారు.” బావ తల గోక్కున్నాడు. “అది వాళ్ళకెలాగూ అలవాటే కదా.”

మేనేజరు ఆ ప్లేరు తీసుకుని నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది.

“ప్యాకింగ్‌కి ఎవరూ వెళ్ళక్కర్లేదు” అంది చివరికి. “కానీ రోజంతా ఒకే చేత్తో ఒకే పని చెయ్యడం ఇవాళ్టితో సరి. సీట్లు మార్చుకుంటూ కూర్చోండి. నొప్పి ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకోండి, దాచుకోవద్దు. ప్లేర్లు ఇలాగే ఉండనివ్వండి. మేస్త్రీగారూ, మీరు మాత్రం ఇకమీదట అడక్కుండా ఏదీ పట్టుకెళ్ళొద్దు.”

“అడిగితే ఎవరిస్తారమ్మా?” అన్నాడు బావ. అది ఎదురుచెప్పడం కాదు, ఆయనకు నిజంగా తెలియని విషయం.

సీట్లు మారేసరికి మరదలి మొదటి కుర్చీ పూటకొకరిదైంది. మొదట్లో మనసు కాస్త చివుక్కుమంది. డాక్టరు ఇచ్చిన పట్టీ చేతికి వేసుకుని మధ్య సీట్లో కూర్చుంటే, కబుర్లు రెండువైపుల నుంచీ వినపడుతున్నాయని కొన్నాళ్ళకు కనిపెట్టింది.

చిక్కంతా బావకొచ్చింది. టూల్ రూమ్ కిటికీ ముందు ఇప్పుడు ఎప్పుడూ ఎవరో ఒకరు. “బావా, ఇంకాస్త పక్కకు.” “బావా, నాది లావైంది, చెక్కాలి.” “బావా, నిన్నటిదే బాగుంది, మళ్ళీ అలాగే చేసిపెట్టు.”

“దొంగతనంగా చేసుకున్నన్నాళ్ళూ హాయిగా ఉండేది” అని విసుక్కున్నాడు మరదలు వచ్చేసరికి. “ఇప్పుడు నన్ను దర్జీని చేసి కూర్చోబెట్టారు. నీకేం కావాలి?”

“నాకేం వద్దు బావా. పొరపాటుగా నోరు పారేసుకున్నాను. ఇక నిన్ను పల్లెత్తు మాట అనను. అది చెప్పిపోదామనే వచ్చా.”

బావ కంగారుగా ఆకురాయి కింద పెట్టాడు.

“అదేంటే? మానెయ్యకు! నువ్వు మొదటి రోజు ఎత్తుకున్న గొంతు వినే కదా, ఆ వంపు సరిగ్గా కుదిరిందని నాకు తెలిసింది. మంచిదని చెప్పడానికి ఇక్కడ ఒక్కరికీ నోరు రాదు. నువ్వు కూడా ఊరుకుంటే నాకెలా తెలుస్తుంది?”

మరదలు లైన్లోకి వెళ్ళి కూర్చుంది. వంకర ప్లేరు చేతిలోకి తీసుకుని, ఒక వైరు మెలితిప్పి, గొంతు సవరించుకుంది. చేతికి ఎంత హాయిగా ఉందో అంత గట్టిగా, టూల్ రూమ్ గోడలు దాటి వినపడేలా, బావను తిట్టడం మొదలుపెట్టింది.