బుచ్చవ్వ తొట్టిలో తేలినవి

బంగారానికి గీటురాయి, కుండకు వేలి దెబ్బ. లోకంలో పరీక్షలు ఎన్ని ఉన్నా రైతుకు నమ్మకమైనది నీళ్ల పరీక్షే. ఉప్పునీళ్లలో వడ్లు పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. మెట్‌పల్లి పక్క పల్లెలో బుచ్చవ్వ నలభై ఏళ్లు ఇలాగే విత్తనం ఏరింది. చివరికి ఆ అనుభవమే ఆమెను దెబ్బతీసింది.

ఊరి చివర శ్యాంసుందర్ పెట్టిన బట్టీలో చెత్త ప్లాస్టిక్‌ను గాలి తగలనీయకుండా కాచి నూనె తీస్తారు. ముక్కలను నీళ్లతొట్టిలో వేసి ఏరడం బుచ్చవ్వ పని. మొదటి రోజు ఆమె అలవాటు కొద్దీ తేలినవాటిని తాలు కింద పారబోసి, మునిగినవాటిని బట్టీకి పంపింది. మునిగినవన్నీ నూనెకు పనికిరాని పీవీసీ బోరు పైపుల ముక్కలే. ఘాటు పొగకు అందరి కళ్లూ మండాయి, నూనె దిగే ఇనుప గొట్టం తుప్పుపట్టి పొరలు లేచింది, పనికొచ్చే నూనె చుక్క రాలేదు.

"ఇంకొక్కసారి చూస్త అవ్వా. గప్పుడు గూడ గిట్లనే అయితే గేటుకు తాళమే," అన్నాడు శ్యాంసుందర్.

రెండోసారి బట్టీ వెలిగించే పొద్దున ట్రాక్టర్ నిండా పాత పైపులతో వచ్చినవాడు అంతయ్య, ఆమె వియ్యంకుడు. శత్రువునైనా గేటు దగ్గర ఆపవచ్చు గాని వియ్యంకుణ్ణి ఆపడం ఎవరి తరం? బుచ్చవ్వ రెండు ముక్కలు కోసి తొట్టిలో వేసింది. నల్లటి డ్రిప్పు పైపు తేలింది. బూడిదరంగు బోరు పైపు బుడుంగున మునిగింది.

"నల్లయి దించు అన్నా. బోరు పైపులు వాపస్ తీస్కపో."

"గదేంది చెల్లె! బంగారం మునుగుతది, బెండు తేలుతది. నీకు బెండే గావాల్నా? మా ఇంటికి పిల్లనిచ్చేటప్పుడు గూడ గిట్లనే ఎంచినవా?"

"ఎంచిన. పిలగాడు మంచోడే, తండ్రి నోరే జర పెద్దది."

అంతయ్య ముఖం మాడింది. మంచినీళ్లు కూడా ముట్టకుండా ట్రాక్టర్ ఎక్కబోయాడు. ఇక దాచి లాభం లేదని బుచ్చవ్వ తన మొదటి రోజు ఘనకార్యం చెప్పేసింది.

"తాలు అనుకోని నూనెనంత పారవోస్తివా? ఊరందరికి ఇత్తునం ఏరిచ్చే నువ్వు?" అంతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, తలకు రుమాలు చుట్టి, డ్రిప్పు పైపులు కోయడానికి ఆమె పక్కనే కూర్చున్నాడు.

పొద్దు వాలే వేళకు గొట్టం చివర తేనెరంగు ధార మొదలైంది. శ్యాంసుందర్ సీసాలో పట్టి, వెలుగుకు ఎత్తి చూసి, తన చేత్తోనే బట్టీకి ఇంకో బుట్ట ముక్కలు మోసుకెళ్లాడు. బుచ్చవ్వ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది.

ఇంతలో గేటు దగ్గర ఇంకో ట్రాక్టర్ ఆగింది. దానికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డవాడు అంతయ్యే.

"ఆగు, ఆగు! బోరు పైపులుంటే అటే మర్లు. మా చెల్లె ఊకోదు!"