మేం ఆపిన కోళ్ల బండి

ఈ రోజు తెలంగాణ కోసం జనగామ రోడ్డు మీద వంటావార్పు చేశాం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతూ బండ్లన్నీ ఆపేశాం. అంబులెన్సుకు మాత్రం దగ్గరుండి దారి ఇప్పించి, నా మంచితనానికి నేనే మురిసిపోతూ టెంటు నీడలో కూర్చున్నాను.

అంతలో బాయిలర్ కోళ్ల వ్యాను డ్రైవర్ వచ్చి బతిమాలాడు. "అన్నా, జర పోనియ్యుండ్రి. నెలన్నర పిల్లలు, బండి ఆగితే గాలాడక సస్తయి."

"ఎట్లైనా సచ్చేటియే గద తమ్మీ!" అన్నాను. టెంటులో అందరూ నవ్వారు.

గంట తర్వాత, కూరకని ఆ బండిలోంచే నాలుగు కోళ్లు కొందామని వెళ్లాం. ఎండలో ట్రే మీద ట్రే. కోళ్లన్నీ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. కింద దింపిన కోడి లేవబోయి కూలబడింది. ఆ బరువును దాని కాళ్లు మోయలేవు. అడుగు ట్రేలో కొన్ని అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి.

వంట చేస్తున్న అవ్వ మా తాగేనీళ్ల బిందె తెచ్చి ట్రేల మీద గుమ్మరించింది. నన్ను చూసి, "కోసుక తింటం గని, గిట్ల గోస పెడుతమా బిడ్డా?" అంది. నేను మా నాలుగు కోళ్లు దింపించుకుని బండికి దారి ఇచ్చాను.

కూర పీచుపీచుగా ఉంది. "రొప్పిన కోడి గిట్లనే ఉంటది" అంది అవ్వ వడ్డిస్తూ.

నా జోకుకు మీరైతే నవ్వేవారా? నిజం చెప్పండి. నేనూ చెబుతాను: కూర ముట్టలేకపోయానని రాద్దామనుకున్నాను. కానీ తిన్నాను. రెండోసారి వేయించుకున్నాను కూడా.